వీధి వైపు తలుపు లేని సినిమా గది

ఈ మధ్య కోవిల్‌పట్టిలో, విరుదునగర్‌లో కడుతున్న పెద్ద ఇళ్ల ప్లానుల్లో ఒక కొత్త గది కనబడుతోంది. దానికి కిటికీ ఉండదు. గోడలకు ముదురు రంగు, నేల మీద తివాచీ, ఒక గోడ నిండా తెర, వెనక ప్రొజెక్టర్, చుట్టూ ఏడు స్పీకర్లు, నెత్తిమీద ఇంకో నాలుగు, మూలన సబ్‌వూఫర్. కాళ్ళు చాపుకుని వాలే సోఫాలు ఆరో ఎనిమిదో. హోం థియేటర్ అంటారు దాన్ని. అగ్గిపెట్టెల్లో, నూలు మిల్లుల్లో, పప్పుల మండీల్లో సంపాదించిన ఇళ్ళే కాదు, గల్ఫ్ జీతాలతో, బెంగళూరు ఐటీ జీతాలతో పైకొచ్చిన మన విశ్వాసుల కుటుంబాలు కూడా ఆ గది కావాలంటున్నాయి. గృహప్రతిష్ఠ ప్రార్థనకు వెళ్తే ఇల్లంతా తిప్పి, చివర్లో ఆ గదిలోకి తీసుకెళ్తారు. లైట్లు ఆర్పి ఏదో యుద్ధం సీను పెడతారు. నేలా, కుర్చీ, గుండె మూడూ అదురుతాయి. బాగుంటుంది, అబద్ధమెందుకు!

ఇది పాపమా పాస్టర్‌గారూ అని అడిగేవాళ్ళున్నారు. సినిమా చూడడమే పాపమని నేర్పిన సంఘాల్లో పెరిగినవాళ్ళకు ఆ ప్రశ్న రావడం సహజమే. నాకు మాత్రం ఆ చర్చ మీద ఆసక్తి లేదు. నేను చూసేది ఆ గదికి ఎన్ని తలుపులున్నాయి, అవి ఎటు తెరుచుకుంటాయి అని.

ముందు కొలతల సంగతి చూద్దాం. మాదిరి హోం థియేటర్ గది 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు అనుకోండి. 240 చదరపు అడుగులు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకంలో ఒక పేద కుటుంబానికి కట్టే ఇంటి కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లు, అంటే దాదాపు 269 చదరపు అడుగులు. వంట చేసుకునే చోటు కూడా అందులోనే. మైదాన ప్రాంతాల్లో ఆ ఇంటికి ఆ పథకం లెక్కగట్టిన సాయం 1,20,000 రూపాయలు. ఒక మోస్తరు మంచి ప్రొజెక్టర్‌కి, దాని తెరకి ఆ డబ్బు అయిపోతుంది. ఒకరు వారానికి రెండుసార్లు చీకట్లో కూర్చునే చోటూ, ఇంకొకరు పుట్టి పెరిగి పెళ్ళిచేసుకుని పిల్లల్ని కనే చోటూ ఇంచుమించు ఒకే కొలత.

అందులోనూ ఇది అగ్గిపెట్టెల సీమ. కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ళలో అగ్గిపెట్టె డబ్బాలు అంటించే పని తరాలపాటు ఇళ్ళలోనే సాగింది. వంట, పడక, పిల్లల చదువు, జిగురు గిన్నె అన్నీ ఒక్క గదిలోనే. ఆ పనిలో చిన్నపిల్లల చేతులు ఎన్ని ఉన్నాయో దేశానికి తెలిసింది ఎం.సి. మెహతా వేసిన కేసు వల్ల. దాని మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 10న తీర్పిచ్చింది. ఇంట్లో ఒక గదిని ఒకే ఒక్క పనికి, అదీ వినోదానికి, అట్టేపెట్టుకోవడమంటే ఏమిటో ఈ ఊళ్ళ వాళ్ళకు వివరించి చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఆపేసి "పేదలు అలమటిస్తుంటే మీకు సోఫాలా" అని మందలించడం సులువు. కానీ ఇదే తూత్తుకుడి జిల్లాలో కొడియంకుళం అనే ఊరుంది. 1995 ఆగస్టు 31న వందలమంది పోలీసులు ఆ దళితవాడ మీద పడ్డారు. గల్ఫ్‌కి వెళ్ళి కష్టపడి నాలుగు రాళ్ళు వెనకేసుకున్న కుటుంబాలు అక్కడ ఎక్కువ. పోలీసులు కొట్టింది మనుషుల్నే కాదు. టీవీలు పగలగొట్టారు, ఫ్యాన్లు, టేప్ రికార్డర్లు, కుట్టు మిషన్లు పగలగొట్టారు. మారి సెల్వరాజ్ 2021లో తీసిన 'కర్ణన్' సినిమా చూసినవాళ్ళకు ఆ ఘటన నీడ అందులో కనబడుతుంది. పోలీసులకు ఆ టీవీ మీద కోపం ఎందుకు? నిన్నటిదాకా పెద్దవీధి ఇళ్ళ గుమ్మం దగ్గర నిలబడి చూసినవాడు తన ఇంట్లో తన కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. అది భరించలేకపోయారు.

అందుకే, దళిత కుటుంబం ఒకటి పెద్ద తెర పెట్టుకుంటే విలాసమని ముక్కు విరిచే మాట నా నోట రాదు. 2006లో కరుణానిధి ప్రభుత్వం ఇంటింటికీ 14 అంగుళాల కలర్ టీవీ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఎందరు నవ్వారో గుర్తుంది కదా? కోటికి పైగా ఇళ్ళకు చేరాయి ఆ టీవీలు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఎన్నికల్లో అలాంటి హామీ ఇవ్వడం చట్టం ప్రకారం అవినీతి చర్య కిందికి రాదని 2013లో కోర్టు చెప్పింది. నవ్వినవాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళలో అప్పటికే టీవీ ఉంది. ఇంకొకరి ఇంట్లో కూర్చోవాల్సిన అవసరం లేకపోవడం ఎంత పెద్ద విడుదలో, ఆ అవసరం ఎన్నడూ పడనివాళ్ళకు తెలియదు.

సినిమా మన దగ్గరికి వచ్చినప్పుడు గదిలోకి రాలేదు, డేరాలోకి వచ్చింది. తిరుచ్చి రైల్వేలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తున్న స్వామికన్ను విన్సెంట్ 1905లో ద్యూపాన్ అనే ఫ్రెంచివాడి దగ్గర ప్రొజెక్టర్, కొన్ని రీళ్ళు కొన్నాడు. ఆ రీళ్ళలో యేసుక్రీస్తు జీవితం కూడా ఉంది. ఉద్యోగం వదిలి, డేరా వేసుకుంటూ ఊరూరా తిరిగాడు. దక్షిణాదిలో తిరిగే సినిమా అలా మొదలైంది. ఆ తర్వాత 1914లో కోయంబత్తూరులో పక్కా హాలు కట్టాడు. మన తెలుగువాడు రఘుపతి వెంకయ్య కూడా మద్రాసులో హాలు కట్టకముందు ఊళ్ళు తిరిగి బొమ్మలు చూపించినవాడే. 1978లో 'కరుణామయుడు' వచ్చాక, మన పల్లెల్లో వేపచెట్టుకూ కరెంటు స్తంభానికీ మధ్య తెల్లగుడ్డ కట్టి చూపించిన రాత్రులు ఈ పత్రిక పాఠకుల్లో చాలామంది ఎరుగుదురు. గుడ్డకు ఇవతల సగం ఊరు, అవతల సగం ఊరు. అవతల కూర్చున్నవాళ్ళకు అక్షరాలు తిరగబడి కనబడేవి. ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

డేరాలో, హాల్లో అందరూ సమానమని నేను అనను. నేల టికెట్టు, బెంచీ, కుర్చీ, బాల్కనీ — మన కుల వ్యవస్థకు అచ్చంగా సరిపోయే మెట్లు అవి. బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాడిని కాళ్ళదగ్గర కూర్చోమనే సంగతి యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో రాశాడు. ఆయన రాసింది సమాజమందిరం గురించి, కానీ టికెట్ కౌంటర్ దగ్గర నిలబడి చదివినా సరిగ్గా అతుకుతుంది. అయితే ఒక తేడా ఉంది. హాల్లో టికెట్టు డబ్బుతో కొనేది, పుట్టుకతో వచ్చేది కాదు. చేతిలో డబ్బు ఆడిన రోజున నేలవాడు కుర్చీకి వెళ్ళగలడు. వెళ్ళాడు కూడా. గొడవంతా అక్కడే వచ్చింది.

చుండూరు పేరు చెబితే చాలు. 1991 జూలై 4న సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లో కూర్చున్న రెడ్డి యువకుడికి తగిలింది. ఆ కాలు తగలడం దళితుల సాంఘిక బహిష్కరణగా పెరిగింది, ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల హత్యగా ముగిసింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. అది ముప్పై ఏళ్ళ కిందటి పల్లెటూరి సంగతి అనుకుంటే, 2023 మార్చిలో చెన్నై మహానగరంలో ఒక థియేటర్ గేటు దగ్గర, చేతిలో టికెట్లు ఉన్న నరికురవ కుటుంబాన్ని లోపలికి రానివ్వలేదు. ఎవరో సెల్‌ఫోన్లో తీసిన వీడియో బయటికి వచ్చాక, నలుగురూ తిట్టాక, అప్పుడు రానిచ్చారు.

మన దేశంలో సినిమా హాలు కాళ్ళు తగిలే చోటు. బస్సు, హోటలు, బడి లాంటివే అదీ. వాటిలో మనుషులు ఒకరినొకరు రాసుకుంటూ కూర్చోక తప్పదు. ఆ తప్పనిసరిలోంచే కొట్లాటలు వచ్చాయి, ఆ కొట్లాటల్లోంచే కొన్ని హక్కులూ వచ్చాయి. హోం థియేటర్ అమ్మేవాళ్ళు తెర గురించి, శబ్దం గురించి ఎన్ని చెప్పినా, వాళ్ళ అసలు సరుకు ఒకటే: పక్కన ఎవరూ ఉండరు. ఈలలుండవు, తలకాయలు అడ్డం రావు, ఎవరి కాలూ తగలదు. స్థోమత ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే హాలు వదిలి ఇంటికి వెళ్ళిపోతే, తగిలే కాళ్ళ గొడవ పరిష్కారం కాకుండానే ముగిసిపోతుంది.

ఆ గదిలోనూ కాళ్ళ దగ్గర కూర్చునేవాళ్ళు ఉన్నారు, జాగ్రత్తగా చూస్తే. ఉదయం ఆ తివాచీ మీద పాప్‌కార్న్ ఏరేది ఇంట్లో పనిచేసే అక్క. సాయంత్రం సినిమా మొదలయ్యేసరికి ఆమె వంటింట్లో ఉంటుంది. పాత రోజుల్లో ఒక్క టీవీ ఉన్న ఇంట్లో ఆమె కనీసం గుమ్మం దగ్గర నిలబడి ఒక పాట చూసేది. ఇప్పుడు ఆ గుమ్మానికి రబ్బరు పట్టీలు వేసిన బరువైన తలుపు వచ్చింది. మీ ఇంట్లో ఆ సోఫాల మీద ఇంతవరకు ఎవరెవరు కూర్చున్నారో ఒక కాగితం మీద రాసి చూడండి. ఆ జాబితా చూశాక ఆ ఇంటి గురించి వేరే ప్రసంగం అక్కర్లేదు.

గోడల పని కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో డబ్బూ ప్రాణమూ రెండూ ఉన్నాయి. చాలామంది రెండు వేర్వేరు సంగతుల్ని ఒకటిగా కలిపేస్తారు. గదిలో పుట్టిన శబ్దం బయటికి పోకుండా ఆపేది బరువు: మందమైన ఇటుక గోడ, మధ్యలో గాలి సందు, మళ్ళీ ఇంకో గోడ, సందు లేని తలుపు. గదిలో మాట గణగణమని మోగకుండా చేసేది మెత్తదనం: తెరలు, తివాచీ, రాక్‌వూల్ నింపిన పలకలు. గోడకు ఫోము ముక్కలు అంటిస్తే పక్కింటివాళ్ళకు శబ్దం వినబడదు అనుకోవడం ఉత్త భ్రమ. 30 హెర్ట్జ్ బొంగురు శబ్దం అల పొడవు 11 మీటర్లకు పైనే. మీ గది పొడవు ఆరు మీటర్లు. నాలుగంగుళాల స్పాంజి దాన్ని ఏం ఆపుతుంది?

ఫోము వల్ల ఇంకో ముప్పు ఉంది. 2003లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఒక నైట్‌క్లబ్బులో, 2013లో బ్రెజిల్‌లోని శాంతా మారియాలో మరో క్లబ్బులో, శబ్దం కోసం అంటించిన ఫోముకు బాణసంచా నిప్పురవ్వ తగిలింది. అక్కడ 100 మంది, ఇక్కడ 242 మంది చనిపోయారు. చాలామందిని చంపింది మంట కాదు, ఫోము వదిలిన విషపు పొగ. విరుదునగర్ జిల్లా వాళ్ళకు నిప్పురవ్వ గురించి చెప్పడం తాతకు దగ్గులు నేర్పినట్టే. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ముదలిపట్టిలో బాణసంచా కర్మాగారం పేలి దాదాపు 40 మంది పోయిన జిల్లా ఇది. కిటికీ లేని, ఒకే తలుపున్న, గోడలంతా స్పాంజి ఉన్న గదిలో పిల్లల్ని కూర్చోబెట్టి దీపావళి సినిమా చూపించాలంటే ముందు రెండో తలుపు పెట్టండి.

ఆ పలకలు బిగించే కుర్రవాళ్ళను కూడా చూడండి. గ్లాస్‌వూల్ ముక్కలు కోస్తుంటే నూగు చేతులకు దురద పెడుతుంది, గొంతులో గుచ్చుకుంటుంది. మూతికి కట్టుకోవడానికి వాళ్ళ దగ్గరున్నది ఒక తువ్వాలు. యెహోయాకీము రాజు విశాలమైన మేడగదులు కట్టించి, దేవదారు పలకలు తొడిగించి, ఎర్రరంగు పూయించుకున్నాడని యిర్మీయా 22వ అధ్యాయంలో ఉంది. ప్రవక్త కోపమంతా పలకల మీద, రంగు మీద అనుకుని చదివేస్తాం. ఆ మాటల నడుమనే కూలి ఎగ్గొట్టి పొరుగువాడి చేత పని చేయించుకున్న సంగతి ఉంది. లక్షల రూపాయల స్పీకర్లకు ముందుగానే మొత్తం కట్టి, మేస్త్రీకి మాత్రం "మిగతాది గృహప్రవేశం అయ్యాక చూద్దాం" అనే ఇళ్ళు నాకు కొత్త కాదు. వాటిలో ప్రార్థనకు నన్ను పిలిచిన ఇళ్ళూ ఉన్నాయి.

మరి కట్టుకోవద్దా? కట్టుకోండి. వీధి వైపు ఒక తలుపు పెట్టి కట్టుకోండి. ఇంట్లోంచి ఒక తలుపు, వీధిలోంచి ఒకటి. నిప్పు అంటుకున్నప్పుడూ పనికొస్తుంది, వారానికి ఒక రోజు వీధి పిల్లలు రావడానికీ పనికొస్తుంది. మనుషులు నిండితే గది పాడవుతుందని భయపడనక్కర్లేదు, శబ్దశాస్త్రం దీనికి అనుకూలంగానే ఉంది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఉపన్యాస మందిరంలో ఒక్క మాటా స్పష్టంగా వినబడక, దాన్ని బాగుచేయమని వాలెస్ సబీన్ అనే యువ ఆచార్యుడికి అప్పగించారు. ఆయన పక్క నాటకశాలలోని కుర్చీ మెత్తలు రాత్రుళ్ళు మోసుకొచ్చి పరుస్తూ, తీస్తూ కొలిచాడు. మెత్తల్లాగే బట్టలు కట్టుకున్న మనుషులు కూడా మోతను బాగా మింగేస్తారని తేల్చాడు. మోతను మింగడానికి ఆయన పెట్టుకున్న కొలబద్ద ఏమిటో తెలుసా? తెరిచిన కిటికీ! దాంట్లోంచి బయటికి పోయిన శబ్దం వెనక్కి రాదు కాబట్టి. ఖరీదైన పలకలు కొనేముందు పదిహేనుమంది పిల్లల్ని కూర్చోబెట్టి ఒకసారి విని చూడండి.

ఏం చూపించాలనేది రెండో ప్రశ్న. ఇంట్లో చూడడానికి చందా కట్టిన సినిమాను వీధి మొత్తాన్ని పిలిచి చూపించడానికి కాపీరైటు ఒప్పుకోదు. తీసినవాళ్ళ అనుమతి తీసుకోవాలి. అనుమతితో వచ్చే మంచి చిత్రాలు మనం అనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నాయి. దివ్యభారతి 2017లో తీసిన 'కక్కూస్' డాక్యుమెంటరీ చేతులతో మలం ఎత్తే పారిశుద్ధ్య కార్మికుల గురించి. తమిళనాడులో ఆ పని చేస్తున్నవాళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులు ఎందరో. మన భాష మాట్లాడే మన జనం. ఆ సినిమా ప్రదర్శనకు చాలాచోట్ల పోలీసులు అనుమతి ఇవ్వలేదు, హాళ్ళు దొరకలేదు. చివరికి యూట్యూబ్‌లో పెట్టారు. హాలు మూసుకున్నప్పుడు తెరుచుకోవాల్సింది ఇలాంటి గదులే. కక్కూసులు కడిగే మనిషి పెద్ద తెర మీద తన పనిని, తన మాటను చూసుకుని, వెనక్కి తిరిగి "ఇది మా పెదనాన్నే" అనే అవకాశం సెల్‌ఫోన్లో దొరకదు.

పెద్దిళ్ళ దయ కోసం కాచుకోవాల్సిన పనీ లేదు. విరుదునగర్‌లో దీనికి పాత దారి ఉంది. ఒకప్పుడు గుళ్ళలోకి రానివ్వని నాడార్ వర్తకులు, అమ్మిన ప్రతి సరుకు మీదా కొంత 'మహమై' అని తీసి ఉమ్మడి నిధి పెట్టుకున్నారు. ఇంటింటా వండేముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యంతో బడి నడిపారు. కామరాజ్ చదువుకున్నది ఆ క్షత్రియ విద్యాశాలలోనే. పిడికెడు బియ్యం అనగానే మన సంఘాల స్త్రీలకు వేరే చెప్పాలా? గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఎన్ని ప్రార్థనా మందిరాలు ఆ గుప్పెళ్ళతో లేచాయో! అదే నాడార్లు తర్వాత తమకంటే కిందివాళ్ళనుకున్నవారిని ఎలా చూశారన్నది వేరే కథ, దాన్నీ మరచిపోకూడదు. ఉమ్మడి గది కట్టేటప్పుడు ఆ ఉమ్మడిలోకి ఎవరెవరు వస్తారో మొదటిరోజే తేల్చుకోవాలి.

సంఘాల సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. వేదిక వెనక ఎల్‌ఈడీ గోడలు, పొగ యంత్రాలు, గుండెలదిరే బాక్సులు పెట్టుకుంటున్న మందిరాలు హోం థియేటర్‌నే పెద్దదిగా చేసి కట్టుకుంటున్నాయి. ఆ తెర వారంలో ఆరు రోజులు నల్లగా ఉంటుంది. శనివారం సాయంత్రం దాన్ని కాలనీ పిల్లలకు ఇవ్వడానికి కరెంటు ఖర్చు తప్ప అడ్డేమీ లేదు.

ఆరుగురికి సోఫాలు పెట్టే ఖర్చుతో అరవైమందికి ఏం వస్తుందో లెక్క వేసి చూశాను. పాత ప్రొజెక్టర్ ఒకటి, నేరుగా గోడ మీద వేసిన తెల్ల సున్నం, మంచి స్పీకర్లు రెండు, మాట స్పష్టంగా వినబడటానికి మధ్యలో ఒకటి, నేల మీద జంపఖానాలు, పక్క గోడలకు పాత దుప్పట్లు. ఇది పత్తి పండే నేల, మిల్లుల ఊరు, దుప్పట్లకు కొదవ లేదు. వాటిని తెరకూ దీపాలకూ దూరంగా కట్టాలి, వాకిలి దగ్గర రెండు బకెట్ల ఇసుక పెట్టాలి. సబ్‌వూఫర్ అక్కర్లేదు. గోడ పక్కన రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకునేవాళ్ళు ఉంటారు.

కోవిల్‌పట్టిలో పారిశుద్ధ్య కార్మికుల వీధి చివర మేము కూడుకునే షెడ్డు పక్కన సామాను గది ఒకటి ఉంది. పోయిన వారం కొలిచాం. 14 అడుగులు, 22 అడుగులు. ఒకే తలుపు, లోపలి నుంచి. వీధి వైపు గోడకు చిన్న కిటికీ ఉంది. దాన్ని పగలగొట్టి తలుపు పెట్టడానికి మేస్త్రీ రెండు రోజుల కూలి అడిగాడు. ముందే ఇచ్చేశాం.